మత్తు వేరు, నిద్ర వేరు

"ఆకలి రుచి యెరుగదు, నిద్ర సుఖ మెరుగదు" అని మన పెద్దలు చెప్పిరి. నిజముగా నిద్ర వచ్చినవానికి పట్టుపరుపు అక్కరలేదు. రైలుస్టేషనులోని సిమెంటుబల్ల చాలును. నిద్ర రానివాని అవస్థ వేరు. మెత్తని పరుపున్నను, తలపై పంకా తిరుగుచున్నను, ఇంటిల్లిపాదియు సద్దుమణిగినను వానికి రాత్రి గడవదు. గోడగడియారము పండ్రెండు కొట్టును, ఒంటిగంట కొట్టును, రెండు కొట్టును. అన్నియు వినబడుచునే యుండును. తెల్లవారునప్పటికి కన్నులు మండును, పలుకరించినవారిపై విసుగు పుట్టును. అట్టి రాత్రులు వరుసగా పది వచ్చినచో మనుష్యుడు నిద్ర కొరకు ఏ తలుపునైనను తట్టుటకు సిద్ధపడును.

అట్టి యొక తలుపును గురించి ఒక శ్రోత ఇటీవల మాకు ఉత్తరము వ్రాసిరి. తమ పేరును, ఊరును చెప్పవలదని కోరిరి; చెప్పుట లేదు. వారు ఉద్యోగ విరమణ చేసిన పెద్దలు. రెండేండ్ల క్రిందట వారి గుండెకు స్టెంటు వేసిరి. ఆ తరువాత రాత్రులు నిద్రపట్టక బాధపడుచుండగా, ఎరిగినవారొకరు భంగు కలిపిన లేహ్యము తెచ్చియిచ్చి, పరుండబోవునపుడు గోళీకాయంత పుచ్చుకొనుడని చెప్పిరట. మొదటి వారము హాయిగా నిద్రపట్టినదట. మూడవ నెల వచ్చునప్పటికి గోళీకాయ ఉసిరికాయంత అయినది. "నాకు రెండు సంగతులు చెప్పుడు. ఇది నిద్రయేనా? పుచ్చుకొన్న గంటకో, గంటన్నరకో గుండె దడదడ కొట్టుకొనుచున్నది. అది దీని వలననేనా? డాక్టరును అడుగుటకు సిగ్గుగా నున్నది" అని వారు వ్రాసిరి.

మేము వైద్యులము కాము. వైద్యశాస్త్రజ్ఞులు పరిశోధించి ప్రకటించిన విషయములను చదివి, సామాన్యమైన మాటలలో శ్రోతల ముందు ఉంచుటయే మా పని. ఈ ప్రశ్న ఆ పెద్దమనిషి ఒక్కరిది మాత్రమే కాదని మాకు తోచినది. గంజాయిని వినోదము కొరకు పీల్చువారిని గురించి పత్రికలు వ్రాయుచునే యున్నవి. నిద్ర కొరకు, మందు అనుకొని, రహస్యముగా పుచ్చుకొనువారిని గురించి మాటలాడువారు తక్కువ. అందుచేత నేడు ఆ విషయమునే తీసికొనుచున్నాము.

గంజాయి మన దేశమునకు కొత్తది కాదు. బైరాగుల చేతిలో చిలుమును చూడని ఊరు లేదు. ఉత్తరదేశమున హోలీనాడును, శివరాత్రినాడును భంగు నూరి పాలలో కలిపి త్రాగు ఆచారము కలదు. మన తెలుగులో మంచివాడు చెడ్డవారి నడుమ నున్నచో "గంజాయి వనములో తులసిమొక్క" అందుము. ఆయుర్వేదమున ఈ మొక్కకు విజయ యనియు, భంగ యనియు పేర్లు. ఆయుర్వేదములో ఉన్నదిగదా, ఇక భయమేమి అని కొందరు అనుచుందురు. కాని మన దేశపు ఔషధముల నిబంధనలలో ఆయుర్వేదమునకు చెందిన విషద్రవ్యముల పట్టిక యొకటి కలదు. ఉమ్మెత్త, వత్సనాభి, నల్లమందు మొదలగువాని సరసన భంగయు ఆ పట్టికలో నున్నది. అట్టి ద్రవ్యము కలిసిన మందును వైద్యుని పర్యవేక్షణలోనే పుచ్చుకొనవలెనని సీసాపై వ్రాయవలసి యున్నది. ఎరిగినవారు తెచ్చియిచ్చిన పేరులేని డబ్బాపై అట్టి హెచ్చరిక ఉండదు, దాని పాలు ఎంతయో ఎవరికిని తెలియదు.

చట్టము సంగతియు ఒక మాట చెప్పవలెను. 1985లో వచ్చిన మాదకద్రవ్యముల చట్టము ప్రకారము గంజాయి యనగా ఆ మొక్క పూతకొనలు. చరస్సు అనగా దాని జిగురు. ఈ రెండింటిని కలిగియుండుటయు, అమ్ముటయు నేరములు. కొనలు కలియని ఆకులను ఆ నిర్వచనములో చేర్చలేదు. కావున ఆకుతో చేయు భంగు విషయమున ఒక్కొక్క రాష్ట్రములో ఒక్కొక్క కట్టుబాటు ఉన్నది. చట్టము ఆకును, పూతను వేరుచేసి చూచినను శరీరము అట్లు చూడదు. రెండింటిలోను మత్తు కలిగించు పదార్థము ఒక్కటియే. ఆకులో తక్కువ, పూతలో ఎక్కువ.

ఆ పదార్థము పేరు టెట్రాహైడ్రోకానబినాల్. శాస్త్రజ్ఞులు పొట్టిగా టి.హెచ్.సి. అందురు. 1964లో ఇస్రాయేలు దేశపు శాస్త్రజ్ఞులు రఫాయెల్ మెషూలం, యెహియేల్ గవోనీ దీనిని శుద్ధరూపమున వేరుచేసి, దీని నిర్మాణమును తెలిపిరి. తరువాత ఒక చిత్రమైన సంగతి బయటపడినది. మన మెదడులోను, శరీరములోను ఈ పదార్థము వచ్చి అతుకుకొనుటకు సరిపడు గ్రాహకములు ముందే యున్నవి. అవి తాళముల వంటివి. వానికి శరీరము తనంతట తానే తాళపుచెవులను తయారుచేసికొనుచున్నది. 1992లో మెషూలం బృందము అట్టి సహజపదార్థము నొకదానిని కనుగొని, మన సంస్కృతపదమైన ఆనందమునే తీసికొని దానికి ఆనందమైడ్ అని పేరు పెట్టెను.

శరీరము ఆనందమైడ్‌ను అవసరమైన చోట, అవసరమైన కాలమున, చిటికెడంత తయారుచేసి, పని తీరగానే విరిచివేయును. టి.హెచ్.సి. అట్లు కాదు. అది రక్తములో చేరి అన్ని తాళములను ఒక్కసారిగా తెరచును, చాలసేపు తెరచియే యుంచును. ఆ గ్రాహకములు మెదడులో మాత్రమే యున్నచో కథ అక్కడితో ముగిసెడిది. అవి గుండెలోను, రక్తనాళములలోను కూడ కలవు. నిద్ర కొరకు పుచ్చుకొన్నది గుండెను తాకుటకు ఒక కారణము ఇదియే.

ఇక నిద్ర సంగతి చూతము. నిద్ర యనగా దీపమార్పినట్లు మనస్సు ఆరిపోవుట అని పూర్వము తలచెడివారు. 1953లో చికాగో విశ్వవిద్యాలయమున అసెరిన్‌స్కీ, క్లైట్‌మన్ అను ఇరువురు, నిద్రించువాని కనుగ్రుడ్లు కొంతసేపు మూతపడిన రెప్పల క్రింద వేగముగా కదలుచుండుటను గమనించి ప్రకటించిరి. ఆ సమయముననే స్పష్టమైన కలలు వచ్చును. దానిని మన సౌకర్యము కొరకు కలల నిద్ర అందము. నేడు తెలిసినదేమనగా, రాత్రి నిద్ర యొక ఆవృత్తిగా సాగును: తేలికనిద్ర, గాఢనిద్ర, మరల తేలికనిద్ర, పిదప కలల నిద్ర. ఒక్కొక్క ఆవృత్తికి సుమారు 90 నిమిషములు. రాత్రికి ఇట్టివి నాలుగైదు జరుగును. గాఢనిద్ర రాత్రి మొదటి భాగమున ఎక్కువ, కలల నిద్ర తెల్లవారుజామున ఎక్కువ. గాఢనిద్రలో శరీరము సేదదీరును. కలల నిద్రలో మనస్సు పగటి అనుభవములను సర్దుకొనుననియు, జ్ఞాపకశక్తికిని భావోద్వేగముల నెమ్మదికిని అది అవసరమనియు శాస్త్రజ్ఞులు భావించుచున్నారు.

గంజాయి ఈ ఆవృత్తిని ఏమి చేయును? మొదటి కొన్ని రాత్రులు నిద్ర త్వరగా పట్టును. ఇది నిజము, దీనిని దాచవలసిన పనిలేదు. 2017లో అమెరికా జాతీయ శాస్త్ర పరిషత్తులు సేకరించి ప్రకటించిన పెద్ద నివేదికయు, దీర్ఘకాలపు నొప్పులు మొదలగు కొన్ని జబ్బులతో నిద్ర చెడినవారికి గంజాయి నుండి తీసిన మందుల వలన కొలదికాలము మేలు కనబడినదని చెప్పినది. అవి కొలతపెట్టి తయారుచేసిన మందులనియు, ఆ మేలు కొలదికాలమునకు సంబంధించినదనియు మరువరాదు. ఇదే సమయమున టి.హెచ్.సి. కలల నిద్రను తగ్గించును. అలవాటుపడినవారు "నాకు కలలే రావు, మొద్దునిద్ర" అని సంతోషముగా చెప్పుకొందురు. వారు సంతోషించుచున్న విషయమే నష్టము.

కొన్ని వారములు గడచునప్పటికి శరీరము దీనికి అలవాటుపడును. ఆ తాళములు కొన్ని మొద్దుబారును, కొన్ని లోపలికి వెళ్ళిపోవును. వెనుకటి మోతాదుతో నిద్ర త్వరగా రాదు. అప్పుడు గోళీకాయ ఉసిరికాయంత యగును. మా శ్రోత వ్రాసినది సరిగా ఇదియే. అది వారి బలహీనత కాదు, ఆ పదార్థపు స్వభావము.

ఒకనాడు మానవలెనని నిశ్చయించుకొని మానినచో, ఒకటి రెండు రోజులలో చిరాకు, ఆకలి తగ్గుట, నిద్రలేమి మొదలగును. మొదటి వారములో ఇవి తీవ్రముగా నుండును. అణగియున్న కలల నిద్ర కట్ట తెగినట్లు వచ్చి, భయంకరమైన, అతిస్పష్టమైన కలలు కలుగును. నిద్రకు సంబంధించిన బాధ మాత్రము కొందరికి కొన్ని వారములు నిలచును. ఇవి గంజాయి మానినపుడు కలుగు లక్షణములని 2013లో అమెరికా మనోవైద్యుల సంఘము తమ రోగనిర్ణయ గ్రంథమున చేర్చినది. ఈ సంగతి తెలియనివాడు ఏమనుకొనును? "చూచితిరా, ఇది లేనిదే నాకు నిద్ర రాదు" అనుకొని మరల డబ్బా తెరచును. మందు మానినందున కలిగిన నిద్రలేమిని, మందు అవసరమనుటకు సాక్ష్యముగా తీసికొనును. ఈ ఉచ్చులో పడినవారిని మూర్ఖులనుట తగదు. లోపలనుండి చూచినవానికి రెండును ఒక్కరీతిగనే కనబడును.

అమెరికాలో 2005 మొదలు 2018 వరకు జరిపిన జాతీయ ఆరోగ్య సర్వేలలో 20 నుండి 59 ఏండ్ల లోపు వయస్సుగల 21,729 మంది చెప్పిన సమాధానములను కొందరు వైద్యులు పరిశీలించి 2021లో ప్రకటించిరి. ఇటీవల గంజాయి వాడినవారు, వాడనివారికంటె మరీ తక్కువసేపు నిద్రించుటకు 34 శాతము, మరీ ఎక్కువసేపు నిద్రించుటకు 56 శాతము అధికముగా అవకాశము కలిగియుండిరి. నిద్ర చెడినందుననే వారు గంజాయి పట్టిరో, గంజాయి పట్టినందున నిద్ర చెడినదో ఇట్టి పరిశీలన తేల్చజాలదు. కాని ఆ అలవాటు నిద్రను చక్కదిద్దుచున్నదని మాత్రము ఈ లెక్కలు చెప్పుట లేదు.

ఇక గుండె. పగలంతయు పరుగెత్తు గుండెకు రాత్రి యొక విశ్రాంతివేళ. ఆరోగ్యవంతునికి నిద్రలో నాడి నెమ్మదించును. రక్తపోటు పగటికంటె 10 నుండి 20 శాతము తగ్గును. ఇట్లు తగ్గనివారికి గుండెజబ్బుల ప్రమాదము ఎక్కువయని వైద్యులు చాలకాలముగా గమనించుచున్నారు. నిద్రకును గుండెకును గల ఈ సంబంధమును గుర్తించియే, 2022లో అమెరికా గుండె సంఘము గుండె ఆరోగ్యమునకు అవసరమైన ముఖ్యాంశముల జాబితాలో నిద్రను కొత్తగా చేర్చినది. పెద్దవారికి రాత్రికి 7 నుండి 9 గంటల నిద్ర యుండవలెనని చెప్పినది.

గంజాయి పొగ పీల్చిన కొలది నిమిషములలో నాడి వేగము పెరుగును. నిమిషమునకు 20 మొదలు 50 వరకు కొట్టుకొనుట అధికమగును. రెండు మూడు గంటలవరకు అట్లే యుండవచ్చును. అనగా గుండె నెమ్మదింపవలసిన సరియైన వేళకు దానిని మెట్లెక్కించుచున్నామన్నమాట. పొగలో నున్న కార్బన్ మోనాక్సైడు రక్తమునకు గల ప్రాణవాయువును మోయు శక్తిని తగ్గించును. ఒకవైపు గుండెకు పని పెరుగును, మరియొకవైపు దానికి అందవలసిన ప్రాణవాయువు తగ్గును. రక్తనాళములు శుభ్రముగా నున్న యువకుని గుండె దీనిని సహింపవచ్చును. నాళములు ఇరుకైనవానికి, స్టెంటు వేయించుకొన్నవానికి ఈ లెక్క కుదరదు.

దీనిని పరీక్షించినవారు కలరు. 1974లో అమెరికాలో గుండెనొప్పి గల 10 మందికి గంజాయి చుట్టయొకటి కాల్పించి వ్యాయామము చేయించిరి. నొప్పి వచ్చువరకు వారు వ్యాయామము చేయగలిగిన కాలము 48 శాతము తగ్గినది. మత్తుపదార్థము తీసివేసిన చుట్ట కాల్చినపుడు తగ్గినది సుమారు 9 శాతము మాత్రమే. కావున దోషము పొగది మాత్రమే కాదు, టి.హెచ్.సి.ది కూడ. 2001లో గుండెపోటు వచ్చి బ్రతికిన 3,882 మందిని విచారించిన మరియొక పరిశోధన ప్రకటింపబడినది. గంజాయి కాల్చిన తరువాతి గంటలో గుండెపోటు వచ్చు అవకాశము మామూలు సమయముకంటె 4.8 రెట్లున్నట్లును, ఆ పిమ్మట త్వరగా తగ్గినట్లును వారు లెక్కించిరి. పరుండబోవునపుడు పీల్చినవానికి ఆ గంట ఎప్పుడు వచ్చును? ఇంటిలో అందరును నిద్రించుచుండగా, తానును మగతలో నుండగా వచ్చును. ఎడమ రొమ్ములో నొప్పి పుట్టినను మేల్కొని ఇంకొకరిని లేపు తెలివి ఆ సమయమున ఎంత యుండునో ఆలోచింపవలెను.

ఇటీవలి లెక్కలును ఈ దిక్కుననే యున్నవి. 2016 నుండి 2020 వరకు అమెరికాలో 4,34,104 మందిని గురించి సేకరించిన సమాచారమును 2024లో ప్రకటించిరి. ప్రతిదినము గంజాయి వాడువారిలో గుండెపోటు వచ్చినవారి పాలు, ఇతర కారణములను తీసివేసి చూచినను, వాడనివారికంటె 25 శాతము అధికము; పక్షవాతము 42 శాతము అధికము. 2025లో హార్ట్ అను వైద్యపత్రిక 24 పరిశోధనలను కలిపి చూచిన సమీక్షను ప్రచురించినది. గంజాయి వాడువారిలో గుండె, రక్తనాళముల జబ్బులచే మరణించు అవకాశము రెట్టింపుగా కనబడినదని అందులో నున్నది. ఇట్టి పరిశీలనలలో కనబడిన సంబంధము కారణమే యని ఖండితముగా చెప్పరాదు. పొగాకు, ఇతర అలవాట్లు కలిసియుండవచ్చును. అయినను శరీరములో జరుగు మార్పు ఒకవైపు, వేలాదిమంది లెక్కలు మరియొకవైపు ఒకేమాట చెప్పుచుండగా వినకుండుట వివేకము కాదు.

"నేను పొగ పీల్చుట లేదు, లేహ్యము తినుచున్నాను" అని మా శ్రోత అనవచ్చును. తినినచో ఊపిరితిత్తులకు పొగ బాధ లేదు, అంతవరకు నిజము. కాని తినినది ప్రేగులనుండి కాలేయమునకు పోయి, అక్కడ మరింత మత్తు కలిగించు రూపమునకు మారును. ఫలితము కనబడుటకు అరగంట మొదలు రెండు గంటల వరకు పట్టును. ఇంకను ఏమియు తెలియుట లేదని రెండవసారి పుచ్చుకొన్నవారు, రెండు మోతాదులును ఒక్కసారి తలకెక్కగా భయపడి, గుండెదడతో ఆసుపత్రికి పరుగెత్తుట కలదు. తినినదాని ప్రభావము ఆరు, ఎనిమిది గంటలు, ఒక్కొక్కప్పుడు అంతకంటె ఎక్కువయు నిలచును. తెల్లవారిన తరువాత కూడ మగత వదలదు. ఆ మగతలో స్కూటరు నడుపువాడును, లారీ నడుపువాడును తమకు మాత్రమే కాదు, దారిన పోవువారికిని ప్రమాదము తెచ్చుదురు.

వృద్ధులకు మరియొక చిక్కు. గంజాయి మత్తులో నున్నపుడు పరుండినవాడు లేచి నిలువబడగానే రక్తపోటు పడిపోవును, కన్నులు చీకట్లు క్రమ్మును. రాత్రి రెండుమార్లు మూత్రమునకు లేచు పెద్దవారు దొడ్డిగడపలో పడి తుంటియెముక విరుగగొట్టుకొనుటకు ఇంతకంటె కారణము అక్కరలేదు. మందుల సంగతియు ఉన్నది. రక్తము గడ్డకట్టకుండ వార్ఫరిన్ పుచ్చుకొనువారిలో గంజాయి ఆ మందు బలమును పెంచి రక్తస్రావమునకు దారితీయవచ్చును. నిద్రమాత్రలతోను, సారాయితోను కలిసినచో మత్తు ద్విగుణమగును. డాక్టరుకు చెప్పకుండ వాడువానికి ఈ ప్రమాదములను చూచువారెవరు?

మా తాతగారును చిలుము పీల్చెడివారు, ఎనుబదియేండ్లు బ్రతికిరి అను మాట మేము వినియున్నాము. ఒక్క తాతగారి ఆయుర్దాయము అందరికిని ప్రమాణము కాదు. అంతేగాక నాటి సరుకు వేరు, నేటి సరుకు వేరు. అమెరికాలో పట్టుబడిన గంజాయిని పరీక్షింపగా, 1995లో సుమారు 4 శాతముగా నున్న టి.హెచ్.సి. 2014 నాటికి సుమారు 12 శాతమైనది. మన విశాఖ మన్యమున రహస్యముగా పండించు శీలావతి యను రకమునకు మత్తు ఎక్కువయను పేరుండుటచేతనే దూరప్రాంతముల వ్యాపారులు దానిని వెదకుకొని వచ్చుచుండిరి. 2021లో ఆంధ్రప్రదేశ్ పోలీసులు పరివర్తన అను పేరుతో ఆ కొండలలో వేల ఎకరముల తోటలను నరికించిరి. ఆ పేరు వినగానే మనకు నేరమును, పోలీసులును తలపునకు వచ్చుదురు. పడకగదిలోని డబ్బా తలపునకు రాదు.

విదేశములలోని మనవారి విషయము కొంచెము భిన్నము. అమెరికాలోని కొలరాడో, వాషింగ్టన్ రాష్ట్రములలో 2012లో ప్రజలు ఓటు వేసి పెద్దవారికి గంజాయిని అనుమతించిరి. ఆ తరువాత మరికొన్ని రాష్ట్రములు అట్లే చేసినవి. కెనడా దేశమంతట 2018 నుండి అనుమతి కలదు. అచటి దుకాణములలో గంజాయి కలిపిన మిఠాయిబిళ్ళలు నిద్ర కొరకు అని అమ్ముదురు. బిడ్డల వద్దకు ఆరునెలలు గడుపుటకు వెళ్ళిన తల్లిదండ్రులకు, కాలభేదము వలన నిద్రపట్టనపుడు, ఎవరైనను ఒక బిళ్ళ చేతిలో పెట్టవచ్చును. అందులో ఏమున్నదో అడుగుడు. దుకాణములో దొరకినంత మాత్రమున రక్తపోటు మాత్రలు పుచ్చుకొనువారికి అది తగినదని అర్థము కాదు.

మరి నిద్ర రానివాడు ఏమి చేయవలెను? వద్దని మాత్రము చెప్పి ఊరకుండుట న్యాయము కాదు. మొదట నిద్ర ఎందుకు రాకున్నదో కనుగొనవలెను. మీరు పెద్దగా గురకపెట్టి, నడుమ ఊపిరి ఆగినట్లై ఉలికిపడి లేచుచున్నారని ఇంటివారు చెప్పినచో, అది నిద్రలో శ్వాస ఆగు జబ్బు కావచ్చును. అది గుండెకు చేటు. దానికి పరీక్షయు, చికిత్సయు కలవు. ఆ జబ్బుకు గంజాయిని చికిత్సగా వాడరాదని 2018లో అమెరికా నిద్రావైద్యుల పరిషత్తు స్పష్టముగా చెప్పినది. కొందరికి నొప్పులు, కొందరికి దిగులు, కొందరికి పుచ్చుకొనుచున్న మందులే కారణములు. గుండెజబ్బు వచ్చిన తరువాత మనస్సున భయము పట్టి నిద్రపోనివారును కలరు. మరల లేతునో లేవనో యను భయము కన్ను మూయనీయదు. అది సిగ్గుపడవలసినది కాదు, చెప్పుకొనవలసినది.

దీర్ఘకాలపు నిద్రలేమికి మందులకంటె ముందు అలవాట్లను, ఆలోచనలను సరిదిద్దు చికిత్స చేయవలెనని 2016లో అమెరికా వైద్యుల కళాశాల సిఫారసు చేసినది. దాని సారాంశము సులభముగనే యున్నది. రాత్రి ఎప్పుడు నిద్రపట్టినను ఉదయము ఒకే వేళకు లేవవలెను. పగటినిద్ర మానవలెను, లేదా అరగంటకు మించరాదు. మధ్యాహ్నము దాటిన పిమ్మట కాఫీయు, గట్టి టీయు వలదు. నిద్ర వచ్చినపుడే పడకపైకి పోవలెను. ఇరువది నిమిషములు గడచినట్లు తోచినను నిద్ర రానిచో లేచి, వేరొకచోట మసక వెలుతురులో కూర్చుండి, నిద్ర వచ్చినపుడు మరల పోవలెను. పడకపై కూర్చుండి సెల్‌ఫోను చూచుట, ఇంటి లెక్కలు వేయుట మానవలెను. మొదటి వారము ఇది కష్టముగా నుండును. నిద్ర తగ్గినట్లును తోచును. నాలుగు నుండి ఎనిమిది వారములు పట్టుదలతో చేసినవారిలో చాలమందికి మేలు కలుగుచున్నది. ఇట్లు కుదిరిన నిద్రకు మోతాదు పెంచవలసిన అవసరము రాదు.

ఇప్పటికే అలవాటుపడినవారు మానదలచినచో ఒంటరిగా పెనుగులాడవలదు. వైద్యునితో చెప్పి క్రమముగా మానుట మేలు. మత్తుపదార్థముల అలవాటు మాన్పుటకు 14446 నంబరునకును, మనోవేదనకు 14416 నంబరునకును ఫోను చేసినచో ప్రభుత్వము తరపున సలహా చెప్పుదురు. గుండెదడతోపాటు రొమ్ములో నొప్పి, చెమట, ఆయాసము, స్పృహ తప్పుట వంటివి కలిగినచో తెల్లవారువరకు వేచియుండరాదు; వెంటనే 108కి ఫోను చేయవలెను. ఆసుపత్రిలో ఏమి పుచ్చుకొంటివని అడిగినచో ఉన్నదున్నట్లు చెప్పవలెను. ఆ ఒక్కమాట దాచినందున వైద్యుడు ఇచ్చు మందు తారుమారు కావచ్చును.

మా శ్రోతకు ఈ ప్రసంగము వరకు వేచియుండక, ఉత్తరము చదివిననాడే బదులు వ్రాసితిమి. వారి రెండు ప్రశ్నలకును మేమిచ్చిన జవాబు క్లుప్తమైనది. అది నిద్రవలె మొదలై మత్తుగా మారినది. గుండెదడ దాని వలననే కావచ్చును, గుండె చెడుట వలనను కావచ్చును. ఈ రెండింటిలో ఏదియో ఇంట కూర్చుండి తేల్చజాలరు, ఇ.సి.జి. తీయించి డాక్టరు తేల్చవలెను. కావున ఆ డబ్బాను కూడ వెంట తీసికొని రేపే వెళ్ళుడని వ్రాసితిమి. సిగ్గు సంగతికి వచ్చినచో, రోగి చెప్పిన రహస్యమును కాపాడుట వైద్యుని ధర్మము. ఇంతకంటె కష్టమైన రహస్యములను వారు ప్రతిదినము వినుచునే యున్నారు.

పదిహేను దినముల తరువాత వారినుండి ఒక కార్డు వచ్చినది. డాక్టరు కోపపడలేదట, పరీక్షలు చేసి మందు మార్చిరట. రాత్రులు ఇంకను రెండు గంటలవరకు మెలకువగనే యున్నదట. కాని గుండె నెమ్మదిగా కొట్టుకొనుచున్నదట. నిద్రయు వచ్చును, కొంత కాలము పట్టును. ఇట్టి డబ్బా మీ యింట నున్నచో, మీరును దానిని మీ డాక్టరుకు చూపుడని మా ప్రార్థన.